వైఫైలో దొంగ ఎవరు?

"మన వైఫైలో ఎవడో దూరాడు." ఈ మాట ఈ మధ్య తరచూ వినపడుతోంది. నెట్ నిదానించినా, కోటా తొందరగా అయిపోయినా, ఫోనులో ఏదో తెలియని పేరు కనపడినా ముందు వచ్చే మాట ఇదే. దాని వెనకే ఇంకో మాట వస్తుంది: "ఎవడో కూడా నాకు తెలుసు." మొదటి మాటకి రుజువు సగం. రెండో మాటకి అసలే లేదు. అయినా జనం కదిలేది రెండో మాట మీదే.

హేతువాదులకి ఈ వైఫై గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. జాతకాలు, వాస్తు, బాబాల విభూతి, వీటికి మన దగ్గర జవాబులు ఎప్పుడో తయారై ఉన్నాయి. వాటినే తిప్పి తిప్పి చెప్పుకుంటూ కూర్చోవడం సుఖంగానే ఉంటుంది. కానీ కొత్త నమ్మకం పాత వేషంలో రాదు గదా. అది అంకెలతో, రంగు గీతలతో, ఫోను తెరమీద వస్తుంది. దాన్ని నమ్మేవాడు తాను సైన్సునే నమ్ముతున్నానని అనుకుంటాడు.

నేను చెప్పదలచింది ఇది. నెట్‌వర్కులో అనుమతి లేని పరికరం ఉంది అనడం ఒక క్లెయిము. అది ఫలానా చోట ఉంది అనడం రెండో క్లెయిము. అది ఫలానా మనిషిది అనడం మూడోది. మూడింటికీ మూడు రుజువులు కావాలి. ఒకదాని వోచరు చూపించి ఇంకోదాని బిల్లు పాసు చేయించుకోకూడదు.

నేను చదివింది బీకాం. ఉద్యోగమంతా డిఫెన్స్ అకౌంట్స్‌లో గడిచింది. రేడియో ఇంజనీర్ని కాను. అయితే ఈ మొదటి క్లెయిము, అంటే ఉందా లేదా అన్నది, రేడియో సంగతి కన్నా స్టోర్సు ఆడిట్ సంగతి అని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆడిట్‌కి వెళ్ళినవాడు ముందు అడిగేది లెడ్జరు. లెడ్జరులో 40 టార్పాలిన్లు ఉండి, గోడౌన్లో 38 ఉంటే రెండు తక్కువ. 42 ఉంటే రెండు ఎక్కువ. బయటివాళ్ళు తక్కువ వస్తేనే తప్పనుకుంటారు. ఎక్కువ వచ్చినా అబ్జెక్షనే. ఎవడో తెచ్చి పెట్టాడా, వచ్చిన సరుకు రాయడం మరిచారా, పాత రిటర్ను ఎంట్రీ పడలేదా? మా అనుభవంలో ఎక్కువసార్లు దొంగ దొరికేది గోడౌన్లో కాదు, లెడ్జరులో. అంటే రాయనివాడు దొరుకుతాడు.

అనుమతి లేని పరికరం అంటే ఈ లెక్కలో ఎక్కువ వచ్చిన సరుకు. మీ దగ్గర అనుమతి ఉన్నవాటి జాబితా లేకపోతే, అనుమతి లేనిది ఏదో మీరెలా చెబుతారు?

ఇది ఏదో ఇంటి గొడవ అనుకోకండి. అమెరికాలో నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ ఉంది. అంగారకుడి మీదికి బండ్లు పంపేది వాళ్ళే. 2018 ఏప్రిల్‌లో అక్కడ డేటా పోయిందని బయటపడింది. 23 ఫైళ్ళు, సుమారు 500 మెగాబైట్లు. చొరబడినవాడికి దారి ఇచ్చింది రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు. దాన్ని ఎవరో అనుమతి లేకుండా నెట్‌వర్కుకి తగిలించారు. చొరబాటు పది నెలలపాటు ఎవరికీ తెలియలేదు. 2019 జూన్‌లో నాసా ఇన్‌స్పెక్టర్ జనరల్ ఇచ్చిన నివేదికలో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది. పరికరాల రిజిస్టరులో కొత్తవి ఎందుకు ఎక్కించలేదని అడిగితే ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ చెప్పిన జవాబు: రిజిస్టరు సాఫ్ట్‌వేరు ఒక్కోసారి పనిచెయ్యదు, తర్వాత ఎక్కిద్దామనుకుని మరిచిపోతాను. ఈ జవాబు మన దేశంలో ఏ స్టోర్‌కీపరు నోట వినలేదు చెప్పండి! అంగారకుడి దాకా వెళ్ళినా లెడ్జరు లెడ్జరే.

ఆఫీసుల్లో ఇంకో రకం ఉంటుంది. ఉద్యోగి తన సౌకర్యం కోసం ఇంటినుంచి ఒక చిన్న రౌటరు తెచ్చి ఆఫీసు కేబుల్‌కి తగిలిస్తాడు. దుర్బుద్ధి ఏమీ ఉండదు. కానీ ఆ క్షణం నుంచి ఆఫీసు గోడ రోడ్డుమీదికి జరిగినట్టే. ఇక్కడ చిక్కేమిటంటే, ఫోను తీసి చూస్తే చుట్టుపక్కల ముప్పై వైఫైలు కనిపిస్తాయి. పక్కింటివి, ఎదురు కొట్టువి, రోడ్డున పోయే వాళ్ళవి. అన్నీ "తెలియనివే". తెలియనిది వేరు, అనుమతి లేనిది వేరు. తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆ ముప్పైలో ఏది నా తీగకి తగిలి ఉంది? దానికి చక్కని పరీక్ష ఉంది. తీగలోకి ఒక గుర్తున్న సందేశం పంపి, అది గాలిలో ఏ రౌటరు నుంచి బయటికి వస్తోందో వినడం. ఏరుకి రంగు కలిపి ఏ కాలవలో తేలుతుందో చూసినట్టు. పూణేలో పరిశోధన సాగించిన ఎయిర్‌టైట్ అనే కంపెనీ ఇలాంటి పనిలోనే పేరు తెచ్చుకుంది. తర్వాత మోజో అని పేరు మార్చుకుంది. 2018లో అరిస్టా వాళ్ళు కొనేశారు.

ఇక నేను దగ్గరుండి చూసిన ఒక కేసు. సికింద్రాబాదులో మాకు తెలిసినవారి అపార్టుమెంటు. సంఘం ఆఫీసు గదిలో ఒక వైఫై రౌటరు, దానికి కెమెరాలు తగిలించి ఉన్నాయి. సెక్రటరీగారు ఫోనులో ఏదో ఉచిత యాప్ వేసి చూస్తే పదకొండు పరికరాలు కనపడ్డాయి. తొమ్మిది తెలిసినవి. రెండు తెలియనివి. అందులో ఒకదాని పక్కన "ఎస్‌ప్రెసిఫ్" అని రాసి ఉంది. ఆయన వెతికితే అది షాంఘైలోని కంపెనీ అని వచ్చింది. ఇంకేముంది, చైనా అన్నారు, గూఢచారి అన్నారు. సాయంత్రానికి ఆ చైనా గూఢచారి ఎవరయ్యా అంటే, వాచ్‌మన్ కొడుకు! పాలిటెక్నిక్ చదువుతున్నాడు, ఎప్పుడూ మెట్ల కింద ఫోను పట్టుకుని కూర్చుంటాడు, అంతకన్నా రుజువేం కావాలి? పిల్లవాడి ఫోను లాక్కున్నారు. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమని వాచ్‌మన్‌కి చెప్పారు.

నన్ను పిలిచింది ఆ పై ఆదివారం. "సార్, మీరు ఆడిట్ మనిషి, మీరూ ఒకసారి చూసి సంతకం పెడితే బాగుంటుంది" అన్నారు సెక్రటరీగారు. సంఘం వైఫైకి తగిలించిన వస్తువుల జాబితా ఇవ్వండి అన్నాను. జాబితా లేదు. "అన్నీ మాకు తెలుసు కదండీ" అన్నారు.

సరే, ఒక తెల్లకాగితం మీద రాయించాను. ఆ తర్వాత ఒక్కొక్కటే స్విచ్ ఆపి, కాసేపు ఆగి, జాబితాలో ఏది మాయమవుతుందో చూశాం. గంటన్నర పట్టింది. డాబామీద నీళ్ళ ట్యాంకు నిండగానే మోటారు తనంతట తాను ఆగిపోయే పెట్టె ఒకటి ఉంది. ఎలక్ట్రీషియన్ కొన్ని నెలల కిందట బిగించి, ఆఫీసు వైఫై పాస్‌వర్డ్ అడిగి తీసుకున్నాడు. దాన్ని ఆపితే ఎస్‌ప్రెసిఫ్ మాయం. ఇలాంటి చవక పెట్టెల్లో, బల్బుల్లో, ప్లగ్గుల్లో ఆ కంపెనీ చిప్పే ఎక్కువగా ఉంటుంది. బిల్లు పాసు చేసింది ఆ సెక్రటరీగారే.

రెండోది ఇంకా బాగుంది. వైఫై పరికరం ప్రతిదానికీ 12 అక్షరాల అడ్రసు ఒకటి ఉంటుంది, మ్యాక్ అడ్రసు అంటారు. తయారుచేసిన కంపెనీ వేసే అడ్రసులో మొదటి సగం ఆ కంపెనీకి కేటాయించిన నంబరు. యాప్ కంపెనీ పేరు చెప్పేది దాన్ని బట్టే. కానీ ఆండ్రాయిడ్ 10 (2019), ఐఫోన్లలో ఐఓఎస్ 14 (2020) వచ్చిన దగ్గర్నుంచి ఫోన్లు తమ అసలు అడ్రసు దాచి, ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత అడ్రసు చూపిస్తున్నాయి. మనల్ని ఎవరూ వెంటాడకుండా చేసిన మంచి ఏర్పాటే ఇది. అలాంటి అడ్రసులో రెండో అక్షరం 2, 6, ఎ, ఇ, ఈ నాలుగింటిలో ఒకటి అవుతుంది. ఆ రెండో పరికరానిది "ఎ". అంటే అది ఎవరిదో కొత్త ఫోను. గదిలో ఉన్నవాళ్ళ ఫోన్లలో వైఫై ఒక్కొక్కటే ఆపించాను. సెక్రటరీగారి వంతు వచ్చేసరికి అది మాయమైంది. సంక్రాంతికి కొన్న ఫోనట.

పిల్లవాడి ఫోను అడ్రసు ఆ జాబితాలో లేనే లేదు. వాడు వాడుకునేది వాడి సొంత డేటా. కానీ అప్పటికే వాడిని మేనమామ ఊరికి పంపేశారు. క్షమాపణ చెప్పమంటే, "మేమేమీ పోలీసు కేసు పెట్టలేదుగా సార్" అన్నారు. నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

ఇందులో టెక్నాలజీ తీసేసి చూడండి, ఏం మిగులుతుంది? అర్థం కాని ఒక సంగతి, భయం, ఎదురు చెప్పలేని ఒక మనిషి. తెలంగాణ పల్లెల్లో బాణామతి పేరుతో పళ్ళు ఊడగొట్టిన కేసుల్లోనూ ఇవే మూడు. పిల్లవాడికి పళ్ళు ఊడలేదు, చదువులో కొన్ని నెలలు ఊడాయి.

రెండో క్లెయిముకి వద్దాం: ఎక్కడుంది? యాప్‌లో సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో చూపిస్తారు. మైనస్ 40 అంటే దగ్గర, మైనస్ 90 అంటే ఉందా లేదా అన్నట్టు. డెసిబెల్ లెక్క అది. ఆరుబయట మైదానంలో దూరం రెట్టింపైతే అందే బలం నాలుగో వంతు అవుతుంది, అంకె 6 తగ్గుతుంది. మైదానంలో ఈ లెక్కతో దూరం కట్టొచ్చు. మన ఇళ్ళు మైదానాలు కావు. ఇటుక గోడ కొంత తినేస్తుంది, కాంక్రీటు శ్లాబు ఇంకా ఎక్కువ తింటుంది, ఇనప బీరువా వెనక్కి తిప్పి కొడుతుంది. మధ్యలో మనిషి నిలబడినా అంకె పడిపోతుంది, మన ఒళ్ళంతా నీళ్ళే కాబట్టి. మైనస్ 70 అంటే ఎదురు మైదానంలో చెట్టు కింద ఉన్నవాడు కావచ్చు, రెండు గోడల అవతల మీ వంటింట్లో ఉన్న టీవీ కావచ్చు. అంకె ఒకటే.

దీన్ని సైన్సు ఎలా ఎదుర్కొందో చూస్తే ముచ్చటేస్తుంది. 2000 సంవత్సరంలో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో పరమ్‌వీర్ బాల్, వెంకట పద్మనాభన్ అనే ఇద్దరు రాడార్ అనే పేరుతో ఒక పద్ధతి ప్రకటించారు. సూత్రంతో దూరం కట్టడం ఒక్కటే నమ్ముకోలేదు. ఆఫీసు అంతస్తంతా ముందే తిరిగి, ఎక్కడ నిలబడితే మూడు స్టేషన్లకి ఎంతెంత బలం అందుతోందో కొలిచి పట్టిక రాసుకున్నారు. తర్వాత వచ్చిన అంకెల్ని ఆ పట్టికతో పోల్చి చోటు చెప్పారు. మా భాషలో రెడీ రెకనర్! మనిషి ఏ దిక్కుకి తిరిగి నిలబడ్డాడో కూడా పట్టికలో రాశారు, శరీరం అడ్డు వస్తుంది కాబట్టి. ఇంత శ్రమ పడితే వచ్చిన మధ్యస్థ తప్పు 2 నుంచి 3 మీటర్లు. మధ్యస్థం అంటే సగంసార్లు అంతకన్నా ఎక్కువ తప్పు వచ్చిందని. వాళ్ళు దాచలేదు, తప్పు ఎంతో ముందు చెప్పి తర్వాతే గొప్ప చెప్పుకున్నారు.

ఇప్పుడు ఆ 3 మీటర్లని మన అపార్టుమెంటులో పెట్టి చూడండి. నా హాలు నుంచి పక్క ఫ్లాటు వంటిల్లు 3 మీటర్లు. నా నేల నుంచి కింది ఫ్లాటు నేల 3 మీటర్లు. అంటే పరిశోధకుల పరికరం కూడా ముద్దాయి నేనో, పక్కింటాయనో, కింది ఇంటావిడో చెప్పలేదు. ఉచిత యాప్ చెబుతుందట! ఇంకా కచ్చితంగా కొలిచే కొత్త పద్ధతి ఉంది, సిగ్నల్ వెళ్ళి తిరిగి వచ్చే సమయాన్ని బట్టి దూరం కట్టేది. కానీ దానికి అవతలి పరికరం సహకరించాలి. దొంగ సహకరిస్తాడా?

అలాగని ఏదీ కనుక్కోలేమని కాదు. ఒక చోట కూర్చుని చెప్పడం కుదరదు, నడవాలి. హామ్ రేడియోవాళ్ళు నక్కవేట అని ఒక ఆట ఆడతారు, దాచిన ట్రాన్స్‌మిటర్ని వెతికే ఆట. ఫోనుని గుండెకి ఆనించి పట్టుకుని నిదానంగా చుట్టూ తిరగండి. అంకె బాగా పడిపోయిందంటే ఆ పరికరం మీ వెనక ఉండే అవకాశం ఎక్కువ. నాలుగైదు చోట్ల ఇలా చేసి కాగితం మీద గీతలు గీస్తే అవి ఒకచోట గుమిగూడతాయి. తర్వాత వెళ్ళి కళ్ళతో చూడాలి, చేత్తో ముట్టుకోవాలి. ఆడిట్‌లో ఫిజికల్ వెరిఫికేషన్ అనేది ఇందుకే. ఇంకో సంగతి. ఏమీ ప్రసారం చెయ్యకుండా ఊరికే వింటూ కూర్చున్న పరికరం ఈ వేటలో దొరకదు. "ఏమీ కనపడలేదు" అని రిపోర్టు రాయొచ్చు గానీ "ఏమీ లేదు" అని రాయకూడదు.

రహస్య కెమెరాలు, మైకులు పసిగట్టే పరికరాలని ఎర్ర దీపాల పెట్టెలు ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. కొనేముందు ఏడీఈ 651 కథ తెలుసుకోండి. జేమ్స్ మెక్‌కార్మిక్ అనే బ్రిటిషర్ బాంబులు కనిపెట్టే యంత్రం అంటూ ఇరాక్‌కి అమ్మాడు. పిడికి ఊగే ఏరియల్ ఒకటి, లోపల బ్యాటరీ కూడా లేదు. గోల్ఫ్ బంతులు వెతకడానికని 20 డాలర్ల లోపు అమ్మే బొమ్మ దానికి మాతృక. ఒక్కోటి వేల డాలర్లకి అమ్ముడుపోయింది. బాగ్దాద్ చెక్‌పోస్టుల్లో సైనికులు దాన్ని పట్టుకుని నిలబడ్డారు, బాంబుల బండ్లు పక్కనుంచే పోయాయి. నీళ్ళు వెతకడానికి వేపపుల్ల పట్టుకుని నడిచే మన ఊరి పెద్దమనిషి దీనికన్నా నయం, ప్రాణాలు తియ్యడు. మెక్‌కార్మిక్‌కి 2013 మేలో లండన్ కోర్టు పదేళ్ళు జైలు వేసింది. ఆ తర్వాత కూడా బాగ్దాద్‌లో ఆ కర్రలు వాడుకలోనే ఉన్నాయి. 2016 జూలైలో కరాదాలో ఘోర పేలుడు జరిగాక గానీ ప్రధాని వాటిని తీసెయ్యమనలేదు.

పరీక్ష ఎంత తేలికో చూడండి. నాలుగు అట్టపెట్టెలు. ఒకదాన్లో హాట్‌స్పాట్ ఆన్ చేసిన ఫోను, మిగతావాటిలో అదే బరువు రాళ్ళు. దేనిలో పెట్టారో తెలిసినవాళ్ళు గదిలో ఉండకూడదు. ఇరవైసార్లు మార్చి మార్చి పెట్టండి. గుడ్డిగా చెప్పినా ఐదు సరిపోతాయి. పెట్టె దగ్గరికి తీసుకెళితే వైఫై సిగ్నల్ చూపించే మామూలు యాప్ దాదాపు అన్నీ సరిగా చెబుతుంది, నేను చేసి చూశాను. ఏడీఈ కర్రకి ఐదారు వస్తాయి. నిజాన్ని, మోసాన్ని రెండింటినీ ఒకే పరీక్ష విడదీస్తుంది కాబట్టి ఇలాంటి పరీక్షంటే నాకు ఇష్టం.

మూడో క్లెయిము ఎంత దూరం పోగలదో 2008లో దేశమంతా చూసింది. జూలై 26న అహ్మదాబాద్‌లో పేలుళ్ళు, 56 మంది చనిపోయారు. పేలుళ్ళకి కొద్ది నిమిషాల ముందు టీవీ చానళ్ళకి ఒక ఈమెయిలు వచ్చింది. దాని ఐపీ అడ్రసు పట్టుకుని పోతే నవీ ముంబై సాన్‌పాడాలో ఒక అమెరికన్ ఇంటికి చేరింది. కంప్యూటర్లు తీసుకెళ్ళారు, ప్రశ్నించారు, పేరు పేపర్లకెక్కింది. చివరికి తేలింది: ఆయన వైఫైకి తాళం లేదు, ఎవరో దాన్ని వాడుకుని పంపారు. సెప్టెంబరు 13 ఢిల్లీ పేలుళ్ళ ఈమెయిలూ ముంబై చెంబూరులో ఎవరిదో వైఫై మీదుగానే వచ్చింది. ఐపీ అడ్రసు కనెక్షన్ చెబుతుంది, మనిషిని చెప్పదు. ఇంటి నంబరు ఉన్నంత మాత్రాన ఆ గుమ్మంలో నిలబడినవాడు ఇంటి యజమాని అవుతాడా?

ఈ ఉదాహరణ చూపించి, అందుకే అందరి మీదా నిఘా ఉండాలనేవాళ్ళున్నారు. వాళ్ళకి ఇంకో కేసు చెబుతాను. అమెరికాలో నాష్‌విల్‌లో మారియట్ వారు నడిపే ఒక హోటల్లో అనుమతి లేని పరికరాల్ని కనిపెట్టి తెంచే వ్యవస్థ పెట్టారు. అది తెంచింది ఎవర్ని? సొంత డబ్బుతో సొంత హాట్‌స్పాట్ పెట్టుకున్న అతిథుల్ని. అదే హోటలు సమావేశాలకి వచ్చినవాళ్ళ దగ్గర వైఫై కోసం ఒక్కో పరికరానికి 250 నుంచి 1000 డాలర్ల దాకా వసూలు చేసేది. 2014 అక్టోబరులో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ మారియట్ చేత 6 లక్షల డాలర్లు కట్టించింది. "అనుమతి లేనిది" అన్న మాట విన్నప్పుడల్లా అనుమతి ఎవరు ఇవ్వాలి, గాలి ఎవరిది అని అడగాలి.

"అయితే రుజువయ్యేదాకా చేతులు కట్టుకు కూర్చోమంటారా?" అని సెక్రటరీగారు అడిగారు. వద్దు. పాస్‌వర్డ్ మార్చండి. దానికి ఎవరి మీదా అనుమానం అక్కర్లేదు, ఎవరి ఫోనూ లాక్కోనక్కర్లేదు. రౌటరు కొంచెం కొత్తదైతే అతిథులకి వేరే వైఫై పేరు ఇవ్వొచ్చు, కెమెరాలు ఒక పక్క, వచ్చేపోయేవాళ్ళు ఒక పక్క. నిజంగా దొంగ ఉంటే ఆ రాత్రికే బయటపడిపోతాడు. లెడ్జరులో రాయని మన వస్తువే అయితే పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి అది పనిచెయ్యడం లేదని చెబుతారు, అప్పుడు రాసుకోవచ్చు. వాళ్ళు పాస్‌వర్డ్ మార్చారు. మోటారు పెట్టెకి కొత్తది చెప్పడం మరిచారు. మర్నాడు తెల్లవారేసరికి ట్యాంకు పొర్లి డాబామీదినుంచి మెట్లదాకా నీళ్ళు. ఈసారి ఎవర్నీ అనుమానించలేదు.